తంపర అమ్మిన రాజు, కర్ర పాతిన నూకాలు

ఒకానొక రాజ్యంలో (పేరెందుకు లెండి, ఒక పేరు చెబితే మా సంగతి ఎందుకు చెప్పలేదని మిగతా రాజ్యాలన్నీ నొచ్చుకుంటాయి) వసుధామల్లుడనే రాజు ఉండేవాడు. ఆయనకు పెద్ద తోట, పదహారు ఏనుగులు, తనకు తెలియనిది లేదన్న నమ్మకం ఉండేవి. తోటకు నీళ్లు పెట్టడానికి, ఏనుగులకు మేత వెయ్యడానికి వేరే మనుషులుండేవారు. నమ్మకాన్ని మేపడానికి మాత్రం సభ మొత్తం పనిచేసేది.

రాజధాని పక్కనే ఏరు. ఏటికి అవతల ఒడ్డున పెద్ద తంపర. తంపర అంటే చెరువు కాదు, పొలమూ కాదు. ఏడాదిలో ఎనిమిది నెలలు మోకాటి లోతు నీళ్లుండే పల్లపు నేల. ఏరు పొంగినప్పుడు ఆ నీరు మొగ అనే గండిలోంచి తంపరలోకి దూరి, పరుచుకుని, నెమ్మదిగా ఇంకిపోయేది. ఎటు చూసినా నిలువెత్తు తుంగ. రెండు వందల ఇళ్ల ఆడవాళ్లు ఆ తుంగ కోసి, ఎండబెట్టి, చాపలల్లి అమ్ముకునేవారు. ఆ రాజ్యంలో పిల్లలు పుట్టేది ఆ చాపల మీద. పోయినవాళ్లను పడుకోబెట్టేది ఆ చాపల మీద. మధ్యలో కొందరు మాత్రం కొన్నాళ్లు పరుపుల మీద పడుకునేవారు.

రాజుగారి భూముల దస్త్రంలో తంపర పేరుకు ఎదురుగా ‘నిరుపయోగం’ అని రాసి ఉండేది. నాగలి దిగితేనే ఉపయోగమని రాసినవారి సిద్ధాంతం. కొడవలి పట్టుకుని పొద్దుటినించి సాయంత్రం దాకా నీళ్లలో వంగి ఉండేది ఆడవాళ్లు కాబట్టి అది పనుల లెక్కలోకి రాలేదు. ఆ మాట రాసిన కరణం తుంగచాప మీద కూర్చునే రాశాడు.

ఒక వేసవిలో దండోరా పడింది. పెద్ద తంపరను రాజుగారు అమ్మేశారట. కొన్నవాడు మంత్రి బాచరాజుగారి బావమరిది సూరపరాజు. వేలం ధర్మంగా, అందరికీ తెలిసేలా జరిపించారు. కాకపోతే అందరికీ తెలియజెప్పింది వేలం అయిపోయాక.

నూకాలుకు ఆ మాట తంపరలోనే తెలిసింది. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. మొగుడు అప్పన్న పోయి ఎనిమిదేళ్లు. ఇద్దరు కూతుళ్లను చాపలల్లే పెంచింది. కోస్తున్న తుంగను అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని, ఇరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని కోటకు వెళ్లింది.

వాకిట్లో లేఖకుడు ఆపాడు.

“పేరు?”

“నూకాలు.”

“మొగుడి పేరు?”

“అప్పన్న. పోయాడు బాబూ.”

లేఖకుడు ‘కీర్తిశేషులు అప్పన్నగారి మనవి’ అని రాసుకుని లోపలికి నడిచాడు. సభలో అదే చదివాడు. “మహాప్రభూ, కీర్తిశేషులు అప్పన్న తమతో మనవి చేసుకోవడానికి వచ్చి ఉన్నాడు.”

రాజుగారు సింహాసనంలో కాస్త వెనక్కి జరిగారు. “ఏడీ?”

“ఆయనకు వీలుపడలేదు బాబూ,” అంది నూకాలు. “నేను బతికే ఉన్నాను కదా అని వచ్చాను. తంపర అమ్మేశారట. రెండు వందల ఇళ్లవాళ్లం ఆ తుంగ మీద బతుకుతున్నాం. రేపటినించి ఏం తినాలో చెబితే వెళ్లిపోతాం.”

మంత్రి బాచరాజు లేచాడు. లేచాడంటే చాలాసేపు కూర్చోడని అర్థం.

“ప్రభూ! తంపర నీరు కాదు, తాగలేం. నేల కాదు, దున్నలేం. అటువంటి అయోమయపు వస్తువు ఏ రాజ్యానికైనా అప్రతిష్ఠ. దాన్ని పూడ్చి, మెరక చేసి, మనుషుల్లో కలిపే భారాన్ని మా సూరపరాజు పెద్దమనసుతో నెత్తిన వేసుకున్నాడు.”

సూరపరాజు మెడ వంచాడు, ఆ భారం నిజంగానే మీద ఉన్నట్టు.

“సర్కారు నేల అమ్మితే ఆ సొమ్మును ఆ నేల మేలుకే ఖర్చుపెట్టాలని తమ తాతగారి శాసనం. మనం శాసనాన్ని దాటేవాళ్లమా? వచ్చిన మూడు వేల వరహాలతో కోట ముందు జలసంరక్షణ మహామంటపం కట్టిస్తున్నాం. నలభై స్తంభాలు. రాతి కలువలు, రాతి కొంగలు, కుండలు మోసే రాతి సుందరులు. తంపరలు ఎంత గొప్పవో ఆ మంటపం చూసి జనం తెలుసుకుంటారు.”

“అక్కడ పక్కనే తంపర ఉంది కదా బాబూ, దాన్ని చూసి తెలుసుకోకూడదా?” అని అడిగింది నూకాలు.

“నిజం కొంగలు నెత్తిన రెట్ట వేస్తాయి,” అన్నాడు మంత్రి.

“సుందరి బొమ్మను వాకిట్లో చూశాను. నడుం నా పిడికిలంత ఉంది. తడి తుంగమోపు ఒక్కటి ఎత్తితే పుటుక్కుమంటుంది.”

వెనక ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. సభ నవ్వలేదు. రాజుగారు ఇంకా నవ్వలేదు గనక.

“సరే,” అన్నారు రాజుగారు, అన్నీ తెలిసినవారు పిల్లలను అడిగే ధోరణిలో. “మీ చాపల సంగతి పక్కన పెట్టు. తంపర వల్ల మా రాజధానికి ఒరిగేదేమిటి?”

“ఏరు పొంగితే వచ్చి కూర్చునేది తంపరలోనే బాబూ. ఆ చోటు లేకుండా చేస్తే ఊళ్లోకి వస్తుంది.”

అప్పుడు నవ్వారు రాజుగారు. సభ కూడా నవ్వింది, ఆయన నవ్వినంతసేపూ. “ఏటికి పీట వెయ్యాలట! మా కోటగోడ ముప్ఫై మూరల ఎత్తు. ఇంతవరకూ ఏ శత్రువూ ఎక్కలేదు. నీళ్లెక్కుతాయా? విను. ఈ వానాకాలం వెళ్లేలోగా ఏరు మా సభలోకి వచ్చి కూర్చుంటే, ఆనాడు నువ్వూ రా. కోరిందల్లా ఇస్తాను. రాలేదా, మీ రెండు వందల ఇళ్లూ నోరెత్తకుండా తంపర ఒడ్డు ఖాళీ చెయ్యాలి.”

“చిత్తం,” అంది నూకాలు. బయటికొచ్చాక వెంట వచ్చిన ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. అన్న మాట వెనక రెండు వందల పొయ్యిలున్నాయి మరి.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. సర్కారు నేల చేతులు మారేటప్పుడు, ఆ నేల మీద బతికేవాళ్లలో ఒకరు వచ్చి సరిహద్దు కర్రలు పాతాలి. ఆ చేత్తో కర్ర పడితేనే అమ్మకం చెల్లుతుంది. రైతులకు అన్యాయం జరగకూడదని పెట్టుకున్న ఆచారం. తంపరలో రైతులు లేరు. ఉన్నదల్లా ఆడవాళ్లు. కాబట్టి సూరపరాజు వాళ్లను అడగక తప్పలేదు.

ఆయన పల్లకీలో ఒడ్డు దాకా వచ్చి, బురద చూసి, పల్లకీలోంచే అడిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒకామె జలగను చూపించింది. ఇంకొకామె కొడవలి చూపించింది. నూకాలు మాత్రం ముందుకొచ్చి, “నేను పాతుతాను బాబూ,” అంది.

సూరపరాజు మొహం విప్పారింది. “తెలివైనదానివి. ఇంతకీ మీ తంపర ఎప్పుడు బాగా నిండి ఉంటుంది?”

“ఏటా స్వాతి కార్తెలో. కొండల్లో వానలు కురిసి ఏరు నిండుగా వస్తుంది కదా.”

సూరపరాజు మనసులో లెక్కలు పరుగెత్తాయి. ఎండాకాలంలో కొలిస్తే తంపర మాత్రమే వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే అంచుల్లోని పేదవాళ్ల నేల చెక్కలు కూడా నీటి కిందకే వస్తాయి. ధర మాత్రం అదే ధర. వెంటనే లేఖకుణ్ణి పిలిచి పత్రం రాయించాడు. ‘స్వాతి కార్తె మొదటి రోజున నీరు నిలిచిన నేల అంతా, అది ఎంత మేర ఉన్నా, ఎవరి గోడ దాకా వచ్చినా, కొన్నవారిదే. అందులో ఉన్నవారు ఆనాడే ఖాళీ చేయవలెను. నీరు లేని నేల మీద కొన్నవారికి హక్కు లేదు.’ ఆఖరి వాక్యం న్యాయంగా కనబడుతుందని మంత్రిగారు చేర్పించారు. రాజముద్ర పడింది. రాజులు చదవరు, వింటారు. వినిపించింది మంత్రిగారే.

కర్ర పాతేవారి పేరు దగ్గర లేఖకుడు మళ్లీ ‘కీర్తిశేషులు అప్పన్న భార్య’ అని రాశాడు.

పెంటమ్మ అని, ఆ ఒడ్డున అందరికంటే పెద్దావిడ. ఆ సాయంత్రం నూకాలు ఇంటి ముందు నిలబడి దులిపేసింది. “ఏటే నూకాలూ! ఎంతకి అమ్ముడుపోయావే? ఆ పల్లకీవోడు నీకు పట్టుచీర పెడతానన్నాడా? అది కట్టుకుని ఏ నీళ్లలో దిగుతావే?”

“కూర్చో అత్తా. నీ చిన్నప్పుడు ఒక ఏడు మొగ పూడిపోయిందని చెప్పేదానివి కదా. ఆ ఏడు ఏటి నీళ్లు ఎటు పోయాయి?”

“ఎటేటి? కోటలోకే. ఏనుగుల సాలలో మోకాటి లోతు. మా అయ్య దోనె వేసుకెళ్లి మావటీలను దింపాడు. అయితే?”

“సూరపరాజు తంపరను పూడ్చాలంటే ముందు దేన్ని మూస్తాడు?”

పెంటమ్మ వాకిట్లోని చాప లాక్కుంది. “కూర్చుంటాను గాని, ఇంకోసారి నెమ్మదిగా చెప్పు,” అంది.

అనుకున్నట్టే ఆషాఢంలో సూరపరాజు మనుషులొచ్చి మొగకు అడ్డంగా మట్టి, రాళ్లు, తాటిమొద్దులు వేసి గట్టు కట్టేశారు. మెట్టలో పుట్టి, పల్లకీలో పెరిగిన మనిషి. తంపర ఆకాశంలోంచి నిండుతుందనుకున్నాడు. నీళ్లు కూడా తనలాగే ఎవరో మోసుకొస్తే వస్తాయనుకున్నాడో ఏమో! నిండా నీళ్లతో కొలిపించుకోవాలని పత్రం రాయించుకున్నదీ ఆయనే, నీళ్లొచ్చే దారి మూయించిందీ ఆయనే. ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పేవాళ్లు ఆయన కొలువులో లేరు. చెప్పగలిగినవాళ్లు తుంగ కోస్తున్నారు.

గట్టు తవ్వబోయిన ఇద్దరు ఆడవాళ్లను బందిఖానాలో వేశారు. తంపర ఎండసాగింది. భాద్రపదంలో తుంగ కొనలు పసుపెక్కాయి. నూకాలు రోజూ ఒక మొక్కను పీకి వేరు విరిచి చూసేది. లోపల తెల్లగా ఉంటే ఊపిరి పీల్చుకునేది. తుంగకు వేరు చచ్చిందంటే మళ్లీ మొలిచేసరికి నాలుగేళ్లు. అన్నాళ్లు ఎవరు ఆగుతారు? స్వాతి కార్తె మొదలైతే వేరు ఆగదని ఆమెకు తెలుసు. పగలంతా కొండల వైపు చూస్తూ చాపలల్లేది. అల్లిక తప్పుతుంటే విప్పి మళ్లీ అల్లేది.

చిత్త కార్తె చివర్లో కొండల మీద కురిసింది. రాజధానిలో చినుకులే పడ్డాయి. అయినా మూడో రోజుకు ఏరు ఎర్రగా, ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. అలవాటు ప్రకారం మొగ దగ్గరకు వెళ్లింది. గట్టు అడ్డం తగిలింది. ఇటు తిరిగింది.

ముప్ఫై మూరల కోటగోడను ఏరు ఎక్కలేదు. అంత శ్రమ దానికెందుకు? స్నానాల గది తూములోంచి వచ్చింది. ఏనుగుల సాల, వంటసాల చూసుకుని, స్వాతి కార్తె మొదటి రోజు పొద్దున్నే సభామంటపంలో ప్రవేశించి, మూడు మెట్లెక్కి, సింహాసనం కాళ్ల దగ్గర ఆగింది.

రాజుగారు సింహాసనం మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. పండితులు బల్లలెక్కారు. బాచరాజు స్తంభాన్ని వాటేసుకుని, ఇది కేవలం తాత్కాలిక తేమ అని వివరిస్తున్నాడు. సరిగ్గా అప్పుడు సింహద్వారంలోంచి ఒక తాటిదోనె లోపలికొచ్చింది. గెడ వేస్తున్నది పెంటమ్మ. ముందు కూర్చున్నది నూకాలు. దోనెలో వెదురు కర్రల మోపు, ఒక సుత్తి.

నూకాలు దోనె దిగింది. నీళ్లలో నడవడం ఆ సభలో చేతనైనది ఆమె ఒక్కర్తికే. మొదటి కర్రను ద్వారం దగ్గర రాళ్ల సందులో దిగగొట్టింది. రెండోది పండితుల వరస ముందు. మూడోది సింహాసనం మెట్టు పక్కన. ఠక్, ఠక్, ఠక్.

“ఏమిటీ ఆగడం?” అని అరిచారు రాజుగారు.

“సరిహద్దు బాబూ,” అంది నూకాలు. “ఇవాళ స్వాతి కార్తె మొదటి రోజు. నీరు నిలిచిన నేల అంతా కొన్నవారిదేనని తమ ముద్రతో పత్రముంది. పొద్దున్నే లేచి తంపరకే వెళ్లాను. అక్కడ నీటిచుక్క లేదు. నీరు లేని నేల మీద సూరపరాజుగారికి హక్కు లేదని మంత్రిగారే రాయించారు. అక్కడ ఎలా పాతను? నీళ్లెక్కడున్నాయా అని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాను.” ఆమె నాలుగో కర్ర తీసుకుని సింహాసనం వెనక్కి చూసింది. “బాబూ, కాస్త జరుగుతారా? అటు అంతఃపురం దాకా ఉంది పని.”

పెంటమ్మ దోనెలోంచే కేకేసింది. “సూరపరాజు బాబూ! తమ కోట చాలా బాగుంది. ఈ సింహాసనం మీదాయన్ని ఇవాళే ఖాళీ చెయ్యమంటారా, రేపటిదాకా ఉండనిస్తారా?”

బల్ల మీద నిలబడ్డ సూరపరాజు సభను చూశాడు. చెక్కడాల దూలాలు చూశాడు. పత్రంలోని మాటలు ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. ‘ఎంత మేర ఉన్నా, ఎవరి గోడ దాకా వచ్చినా.’ మూడు వేల వరహాలకు కోట! ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన మొహం మీద సంతోషం తొంగిచూసింది.

ఆ క్షణాన్ని రాజుగారు చూశారు.

“సూరపరాజూ,” అన్నారు చాలా మెత్తగా. “పత్రం చెల్లుతుందంటావా?”

చెల్లుతుందంటే తల పోతుంది. చెల్లదంటే తంపర పోతుంది. సూరపరాజు బావగారి వైపు చూశాడు. బావగారు స్తంభం వెనక్కి జరిగారు. సూరపరాజు గబగబా రొమ్ముదగ్గరున్న పత్రం తీసి, చింపి, ముక్కలు నీళ్లలో వేశాడు. “చెల్లదు ప్రభూ! ఎవరో మతిలేనివాడు రాయించాడు.”

“నా వరహాలు మాత్రం...” అని ఆ వెంటనే నసిగాడు కూడా. అలవాటు.

“అవన్నీ స్తంభాలైపోయాయి కదా బాబూ,” అంది నూకాలు. “కోట ముందు నలభై ఉన్నాయి. రాతి కొంగలతో సహా తోలుకుపోండి. రెట్ట వెయ్యవు.”

రాజుగారి ముందు రెండే దారులున్నాయి. నవ్వడం, లేకపోతే ఈ మాట రాజ్యాలన్నీ చెప్పుకుని నవ్వుతుంటే వినడం. ఆయన నవ్వారు. మొదట గొంతులో, తరవాత పొట్టలో. నవ్వి నవ్వి కాళ్లు జారి, మెట్టు మీది నీళ్లలో మడమల దాకా దిగారు. సభ కూడా నవ్వబోయి, నవ్వుతున్నది ఎవరిని చూసో తెలియక బల్లల మీద తడబడింది.

“ఓడిపోయానమ్మా!” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. మెడలోని ముత్యాలహారం తీశారు. “ఇదిగో తీసుకో. ఆ బందిఖానాలోని ఇద్దరినీ ఇప్పుడే వదలండి. తంపరను ఇకమీద ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు. ఆ ఒడ్డు ఆడవాళ్లను అడక్కుండా తంపరలో పార దింపకూడదు. లేఖకుడా, శాసనం రాయి. ఈవిడ పేరు మీద రాయి.”

లేఖకుడు ఘంటం ఎత్తాడు. “కీర్తిశేషులు...”

“నూకాలు,” అన్నారు రాజుగారు.

నూకాలు హారం అందుకుంది. ముత్యాలు మంచివే. కానీ ఆమె మనసు తంపరలో ఉంది. “బాబూ, ఏరు తమ సభలోకి వస్తే కోరిందల్లా ఇస్తానన్నారు. హారం నేను కోరలేదు. తమరే ఇచ్చారు.”

“అయితే కోరుకో.”

“మొగ తవ్వాలి. ఇవాళే. రేపటికి తుంగ వేరు ఆగదు. మేం రెండు వందల మందిమి పారలు పట్టుకుని అక్కడే ఉన్నాం. చాలదు. తాటిమొద్దులు బరువు. తమ కొలువులో ఇంతమంది మగమహారాజులు బల్లలెక్కి ఖాళీగా నిలబడ్డారు. వాళ్లనిప్పించండి.”

రాజుగారికి ఈసారి నవ్వు నిజంగా వచ్చింది. “మంత్రిగారూ, దిగండి!”

దోనెల్లో ఏరు దాటి, మధ్యాహ్నానికి మొగ దగ్గర పండితులు, సేనానులు, లేఖకుడు, సూరపరాజు, అందరూ బురదలో ఉన్నారు. రాజుగారు ఒడ్డున ఏనుగునెక్కి, పని తనే చేస్తున్నట్టు ఉత్సాహంగా కేకలేస్తున్నారు. రెండు ఏనుగులు తాటిమొద్దులు లాగాయి. ముందు చేతి వెడల్పున నీరు తంపరలోకి జారింది. తరవాత గట్టు పక్కకి ఒరిగి, ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా లోపలికి దూకాయి. నూకాలు ఆ నీళ్ల వెంటే తుంగలోకి నడిచి, ఒక మొక్కను పీకి, వేరు విరిచింది. లోపల ఇంకా తెల్లగానే ఉంది. ఆమె అక్కడే నీళ్లలో కూలబడి, మూడు నెలల తరవాత మొదటిసారి మొహం కడుక్కున్నట్టు కడుక్కుంది.

ఇవతల నడుం లోతు బురదలో బాచరాజు పారను ఎటు పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాడు. పెంటమ్మ పక్కనే నిలబడి కొంతసేపు జాలిగా చూసింది.

“కంగారుపడకు బాబూ,” అంది. “పెద్ద కష్టమేం కాదు. మగవాళ్లు కూడా నేర్చుకోవచ్చు.”